11 కిలోల పెట్టెకు 24 కిలోల బిల్లు ఎందుకు? ఎయిర్ కార్గో లోపలి లెక్క

మీరు అడిగింది ఇదీ: కూకట్‌పల్లి నుంచి పచ్చళ్లు, పొడులు, పిండివంటలు అమెరికాకు కొరియర్‌లో పంపుతున్నారు. 11 కిలోల చేగోడీల పెట్టెకు 24 కిలోల బిల్లు వేశారు. తెలిసినవాళ్లేమో ఎయిర్ కార్గోలో వేస్తే సగం ధరకే పోతుందంటున్నారు. అది నిజమేనా, అసలు ఆ వ్యవహారం ఎలా నడుస్తుంది అని. శంషాబాద్ కార్గో దగ్గర ఒక ఫార్వర్డర్ (పదిమంది సరుకు కూడగట్టి ఎయిర్‌లైన్‌లో పంపించే ఏజెంటు) ఆఫీసులో కొన్నేళ్లు ఎక్స్‌పోర్ట్ పని చూశాను. ఎక్కువగా మందుల కంపెనీల సరుకే, మధ్యమధ్యలో మీలాంటివాళ్ల పచ్చళ్లు కూడా. అందుకని కాస్త వివరంగానే రాస్తున్నా.

ముందు బిల్లు సంగతి. విమానంలో ఒక్కోసారి బరువు పరిమితి ముందు నిండుతుంది, ఒక్కోసారి చోటు ముందు నిండుతుంది. అందుకే రెండూ లెక్కేసి, ఏది ఎక్కువైతే దానికి డబ్బు తీసుకుంటారు. దాన్ని ఛార్జబుల్ వెయిట్ అంటారు. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి కార్గోలో అయితే 6000తో, కొరియర్లలో ఎక్కువగా 5000తో భాగిస్తారు. మీ పెట్టె 60, 50, 40 సెంటీమీటర్లది అయి ఉంటుంది. గుణిస్తే 1,20,000. దాన్ని 5000తో భాగిస్తే 24. అదే పెట్టెకి కార్గోలో 20 కిలోల బిల్లు పడేది. కొరియర్‌వాళ్లు మిమ్మల్ని మోసం చేయలేదు. చేగోడీ అంటేనే చిల్లు చుట్టూ పిండి, ఆ చిల్లుకి కూడా మీరు కిరాయి కడుతున్నారు, అంతే. చిన్న పెట్టెలో కుక్కితే పొడైపోతాయి కాబట్టి దానికి మందు లేదు.

పచ్చడి దీనికి పూర్తిగా వ్యతిరేకం. 40, 30, 30 పెట్టెలో సీసాలు సర్దితే 18 కిలోలు తూగుతుంది, చోటు లెక్కలో మాత్రం 6 కిలోలే. దానికి 18 కిలోల డబ్బే కడతారు. ఫార్వర్డర్ లాభం ఎక్కడుందో ఇక్కడ తెలుస్తుంది, ఇది బయట ఎవరూ చెప్పరు. మీ చేగోడీల పెట్టెలు 10 ఉన్నాయనుకుందాం: అసలు బరువు 110, చోటు లెక్కలో 200. ఇంకొకరి పచ్చళ్ల పెట్టెలు 15: అసలు బరువు 270, చోటు లెక్కలో 90. మీ దగ్గర 200 కిలోలకు, ఆయన దగ్గర 270 కిలోలకు, మొత్తం 470 కిలోలకు బిల్లు చేస్తారు. రెండూ కలిపి ఒకే బుకింగ్ కింద ఎయిర్‌లైన్‌కి ఇస్తే అసలు బరువు 380, చోటు 290. ఎయిర్‌లైన్ 380 కిలోలకే తీసుకుంటుంది. మధ్యలో ఉన్న 90 కిలోలు ఫార్వర్డర్‌వి. దీన్ని కన్సోల్ అంటారు. తప్పేం లేదు, ఆ తెలివికే వాళ్లు ఆఫీసులు పెట్టుకున్నారు. కాకపోతే పచ్చళ్లు, పిండివంటలు రెండూ మీవే అయినప్పుడు, ఒకే షిప్‌మెంట్‌గా ఇచ్చి ఆ మిక్సింగ్ లాభం మీరే తీసుకోవచ్చు. కొటేషన్ అడిగేటప్పుడు అన్నీ కలిపి ఒకే ఛార్జబుల్ వెయిట్ వేయమనండి. చాలామంది అడగరు.

రేట్లు శ్లాబుల్లో ఉంటాయి. మినిమమ్ ఛార్జీ, 45 కిలోల లోపు, 45 పైన, 100 పైన, 300, 500, 1000, ఇలా. బరువు పెరిగేకొద్దీ కిలో రేటు తగ్గుతుంది. ఉదాహరణకి 45 పైన కిలో 200 రూపాయలు, 100 పైన 170 అనుకోండి. 90 కిలోలకి 18,000 అవుతుంది. అదే 100 కిలోలని రాసుకుంటే 17,000. నిబంధనల ప్రకారమే పై శ్లాబు రేటు వాడుకోవచ్చు. వీటిమీద ఫ్యూయల్ సర్‌ఛార్జి, సెక్యూరిటీ సర్‌ఛార్జి, టెర్మినల్ ఛార్జీలు, ఎక్స్‌రే ఛార్జీలు, ఎయిర్‌వే బిల్లు (విమాన సరుకు రవాణా పత్రం) ఫీజు పడతాయి. ఫోన్లో చెప్పే కిలో రేటులో ఇవేవీ ఉండవని అనుకుని లెక్కేసుకోవడం మంచిది.

ఎయిర్‌లైన్ మీలాంటి చిన్న ఎక్స్‌పోర్టర్‌తో నేరుగా మాట్లాడదు. ఐయాటా (ఎయిర్‌లైన్ల అంతర్జాతీయ సంఘం) గుర్తింపు ఉన్న ఏజెంట్ దాని దగ్గర స్పేస్ తీసుకుని మీకు అమ్ముతాడు. ఆ ఏజెంట్ ఎయిర్‌లైన్‌కి పక్షానికోసారి డబ్బు కట్టితీరాలి. కొత్త కస్టమర్‌కి అరువు ఇవ్వకపోవడానికి కారణం అదే. కస్టమ్స్ పని కస్టమ్స్ బ్రోకర్‌ది. పేరు మారి చాలాకాలమైనా శంషాబాద్‌లో అందరూ ఇప్పటికీ సీహెచ్‌ఏ (కస్టమ్స్ హౌస్ ఏజెంట్) అనే అంటారు. టెర్మినల్ జీఎంఆర్ వాళ్లది. తూకం, ఎక్స్‌రే, నిల్వ, పాలెట్ కట్టడం అన్నీ అక్కడే.

ఇక కాగితాలు. మీకు ఐఈసీ, అంటే ఎగుమతి దిగుమతి కోడ్, ఉండాలి. డీజీఎఫ్‌టీ (కేంద్ర విదేశీ వాణిజ్య విభాగం) సైట్లో 500 రూపాయలకు వస్తుంది, మీ పాన్ నంబరే ఐఈసీ నంబరు. బ్యాంకు నుంచి ఏడీ కోడ్ (విదేశీ మారకం చూసే బ్యాంకు శాఖ నంబరు) తీసుకుని హైదరాబాద్ ఎయిర్ కార్గోకి, అంటే ఐఎన్‌హెచ్‌వైడీ4 అనే పోర్టు కోడ్‌కి, రిజిస్టర్ చేయించాలి. మొదటిసారి పంపేవాళ్ల సరుకు టెర్మినల్ దాకా వచ్చి ఆగిపోయేది చాలావరకు ఈ ఏడీ కోడ్ దగ్గరే. ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు చూసి సీహెచ్‌ఏ కస్టమ్స్ వాళ్ల ఐస్‌గేట్ సైట్లో షిప్పింగ్ బిల్లు (ఎగుమతి డిక్లరేషన్) వేస్తాడు. వేసేముందు చెక్‌లిస్టు మీకు పంపుతాడు, దాన్ని చూడకుండా ఓకే అనకండి. కస్టమ్స్ చూసి లెట్ ఎక్స్‌పోర్ట్ ఆర్డర్ ఇస్తే, మావాళ్ల మాటలో ఎల్‌ఈవో పడితే, సరుకు విమానం వైపు కదులుతుంది.

ఎయిర్‌వే బిల్లు నంబరులో 11 అంకెలుంటాయి. మొదటి మూడూ ఎయిర్‌లైన్‌వి: 176 ఎమిరేట్స్, 157 ఖతార్, 098 ఎయిర్ ఇండియా, 020 లుఫ్తాన్సా. తర్వాతి ఏడు అంకెల్ని 7తో భాగిస్తే మిగిలేదే చివరి అంకె. 1234567ని 7తో భాగిస్తే 5 మిగులుతుంది, కాబట్టి 176-12345675 సరైన వరుస. ఎవరైనా వాట్సాప్‌లో పంపిన నంబరు ఈ లెక్కకు రాకపోతే టైపింగ్ తప్పో, ఇంకేదైనానో అని మాకు వెంటనే తెలిసిపోతుంది. కన్సోల్‌లో మీ చేతికొచ్చేది ఫార్వర్డర్ ఇచ్చే హౌస్ బిల్లు. ఎయిర్‌లైన్ ఇచ్చే మాస్టర్ బిల్లు ఫార్వర్డర్ పేరు మీద ఉంటుంది. ఎయిర్‌లైన్ సైట్లో ట్రాక్ చేయాలంటే మాస్టర్ నంబరు అడిగి తీసుకోండి.

ఇక్కడే ఒక జాగ్రత్త. ఓడ సరుకుకి ఒరిజినల్ బిల్ ఆఫ్ లేడింగ్ మీ దగ్గరుంటే సరుకు మీ గుప్పిట్లో ఉన్నట్టే. ఎయిర్‌వే బిల్లు అలాంటి హక్కు పత్రం కాదు. అందులో కన్సైనీగా, అంటే సరుకు అందుకునేవాళ్లుగా, ఎవరి పేరుంటే వాళ్లు ఒరిజినల్ చూపించకుండానే సరుకు తీసుకోవచ్చు. కొత్త కొనుగోలుదారు డబ్బు కట్టకముందే ఆయన పేరు మీద ఎయిర్‌లో పంపారంటే ఆ సరుకు దేవుడి మీద భారం వేసినట్టే.

గల్ఫ్ విమానాలు చాలావరకు అర్ధరాత్రి దాటాకో తెల్లవారుజామునో బయల్దేరతాయి. వాటికి సరుకు కటాఫ్, అంటే అప్పగించాల్సిన ఆఖరి సమయం, కొన్ని గంటల ముందే ఉంటుంది. అందుకే కార్గో గేటు దగ్గర సాయంత్రాలు మహా హడావుడి. టెర్మినల్ లోపల పాలెట్ అంటే 318, 244 సెంటీమీటర్ల అల్యూమినియం పలక. ముందు దానిమీద ప్లాస్టిక్ షీటు పరుస్తారు, బరువు పెట్టెలు కింద, తేలికవి పైన. ప్రయాణికుల విమానం పొట్టలోకి పోవాలంటే ఎత్తు సుమారు 160 సెంటీమీటర్లు దాటకూడదు. కట్టేవాళ్లు టేపు పట్టుకోకుండా కంటితోనే చెప్పేస్తారు, మళ్లీ ఎందుకైనా మంచిదని కొలుస్తారు. పైన షీటు కప్పి, వల వేసి, కొక్కేలు పలక అంచులోని గాడిలో బిగించి, మొత్తం తూకం వేస్తారు. ఇండిగో ఏ320 లాంటి చిన్న విమానాల్లో పాలెట్ ఉండదు, పెట్టెలు ఒక్కొక్కటే చేత్తో లోపలికి వేస్తారు. పచ్చడి సీసాలకి అసలు పరీక్ష అక్కడే. ఒక్కోసారి మన సరుకు ముంబయికో బెంగళూరుకో లారీలో పోయి అక్కడ విమానం ఎక్కుతుంది, ఎయిర్‌వే బిల్లు మాత్రం ఇక్కడి నుంచే. విమానంలో పంపాను, లారీ ఏంటి అని గొడవపడకండి, అది మామూలే.

ప్రపంచంలో ఎయిర్ కార్గో దాదాపు సగం ఇలా ప్రయాణికుల విమానాల కిందే పోతుంది. 2020లో ఆ విమానాలు ఆగిపోయినప్పుడు రేట్లు ఆకాశానికంటడానికి కారణం ఇదే. మిగతాది ఫ్రైటర్లలో, అంటే సరుకు మాత్రమే మోసే విమానాల్లో. 2021 జూన్ 1న స్పుత్నిక్ టీకా 30 లక్షల డోసులు, 56.6 టన్నులు, హైదరాబాద్‌లో దిగింది అలాంటి ఛార్టర్ ఫ్రైటర్‌లోనే.

కటాఫ్‌లోపు ఇచ్చినా మీ సరుకు ఎక్కుతుందన్న గ్యారంటీ లేదు. ముందు ప్రయాణికులు, తర్వాత వాళ్ల లగేజీ, తర్వాతే కార్గో. మే నెల ఎండలో గాలి పలచబడి విమానం మోయగలిగే బరువు తగ్గుతుంది, అప్పుడు ముందుగా దిగేది కార్గోనే. దాన్ని ఆఫ్‌లోడ్ అంటారు. ఇక ఆగస్టు వస్తే అమెరికా చదువులకి వెళ్లే పిల్లలు. ఒక్కొక్కరికి 23 కిలోల సూట్‌కేసులు రెండు, వాటిలో సగం ఆవకాయ, కారప్పొడి, అప్పడాలు. వాళ్ల అమ్మలు కట్టిచ్చిన పచ్చళ్లు లగేజీగా ఎక్కితే, మీరు డబ్బు కట్టిన పచ్చళ్లు టెర్మినల్లో ఉండిపోతాయి! ఒక ఆగస్టులో ఒక ఎయిర్‌లైన్ మా కస్టమర్ పిండివంటల్ని వరసగా మూడు ఫ్లైట్ల నుంచి దించేసింది. ఫోన్ చేసిన ప్రతిసారీ ఒకటే మాట: "లోడ్ ఎక్కువుంది సార్, రేపు వెళ్తుంది." ఖాళీ తక్కువైనప్పుడు మందులకి, అర్జెంటు రేటు కట్టినవాళ్లకి ముందు చోటిస్తారు. ఆఫర్ రేటుకి బుక్ చేసినవి ఆఖర్న. చవక రేటులో అసలు తేడా అదే.

పచ్చళ్ల విషయంలో ఎయిర్‌లైన్‌కి భయం నూనె. కార్గో అరలో గాలి ఒత్తిడి నేలమీదకన్నా తక్కువ, ఆరేడు వేల అడుగుల కొండమీద ఉన్నట్టుంటుంది. ప్యాకెట్లు ఉబ్బుతాయి, మూతలు వదులవుతాయి. ఒక్క సీసా కారి పక్కవాళ్ల మందుల డబ్బాల మీద పడితే ఆ నష్టం మీ మెడకే చుట్టుకుంటుంది. గాజు సీసా మానేసి మందపాటి పౌచ్‌లో సీలు వేసి, రెండో పౌచ్‌లో పెట్టి, పెట్టె లోపల ప్లాస్టిక్ లైనర్ వేయండి. పౌచ్‌లో నూనె మరీ అంచుదాకా రానివ్వకండి.

అమెరికా వైపు ఎఫ్‌డీఏ (అక్కడి ఆహార, మందుల నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్, అక్కడ ఒక ఏజెంటు, విమానం దిగడానికి కనీసం 4 గంటల ముందు ప్రయర్ నోటీసు (సరుకు వస్తోందన్న ముందస్తు సమాచారం) తప్పనిసరి. చికెన్, మటన్ పచ్చళ్లు మాత్రం వద్దు. మన దేశపు మాంసం ఉత్పత్తులకి అక్కడ అనుమతి లేదు. "మేం మేనేజ్ చేస్తాం" అనే ఏజెంట్లు అమీర్‌పేటలో వీధికొకరు దొరుకుతారు, పట్టుబడ్డ పెట్టె మాత్రం చెత్తబుట్టకే. 800 డాలర్లలోపు పార్శిళ్లకి ఉన్న సుంకం మినహాయింపు కూడా 2025 ఆగస్టు 29 నుంచి అందరికీ పోయింది, కాబట్టి పాత కొరియర్ లెక్కలు మళ్లీ వేసుకోవాల్సిందే.

నష్టపరిహారం గురించి మీరు అడగలేదు గానీ చెప్తాను. మాంట్రియల్ ఒప్పందం ప్రకారం 2024 డిసెంబర్ 28 నుంచి కిలోకి 26 ఎస్‌డీఆర్‌లు (ఐఎంఎఫ్ లెక్కల యూనిట్లు), దాదాపు 35 డాలర్లు, అదే గరిష్ఠం. పచ్చళ్లకి అది చాలావరకు సరిపోతుంది. కిలో లక్షల్లో ఉండే మందు ముడిసరుకుకీ అంతే, పాపం వాళ్లు ఇన్సూరెన్స్ చేసుకోక తప్పదు. సరుకు దెబ్బతింటే అందుకున్న 14 రోజుల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. డెలివరీ కాగితం మీద ఏమీ రాయకుండా సంతకం పెట్టేస్తే తర్వాత నిరూపించుకోవడం కష్టం.

ఇక సగం ధర మాట. విమానాశ్రయం నుంచి విమానాశ్రయం వరకైతే నిజమే, కిలో రేటు కొరియర్‌కన్నా బాగా తక్కువ. కానీ కొరియర్ మీ గుమ్మం దగ్గర తీసుకుని వాళ్ల గుమ్మంలో పెడుతుంది, మధ్యలో కస్టమ్స్ కూడా వాళ్లదే. కార్గోలో సరుకు డాలస్‌లో దిగాక అక్కడి టెర్మినల్ ఛార్జీ, బ్రోకర్ ఫీజు, కస్టమ్స్ బాండ్ (సుంకం కడతామన్న హామీ), సుంకం, లారీ అన్నీ వేరు, అవీ డాలర్లలో. 200 కిలోలు ఒకే షాపువాళ్లకి వెళ్తుంటే కార్గో కిట్టుబాటు అవుతుంది. 5 కిలోల చొప్పున 40 ఇళ్లకి పోవాలంటే కొరియరే మేలు, ఇందులో నాకు రెండో మాట లేదు. ఒకవేళ షాపు ఆర్డరే అయితే, ఇక్కడ ఫార్వర్డర్లకి ఫోన్ చేసేముందు ఆ షాపాయనకి అక్కడ సొంత కస్టమ్స్ బ్రోకర్ ఉన్నాడా, దిగుమతిదారుగా తన పేరు పెట్టుకుంటాడా అని కనుక్కోండి. రెండిట్లో ఏది లేకపోయినా ఇప్పుడే కొటేషన్లు అడగడం దండగ.