డంప్ 0% దగ్గరే ఆగిపోతోంది, ఏం చేయాలి?

ప్రశ్న: నమస్తే సార్. మాది పలాస, జీడిపప్పు వ్యాపారం. లెక్కలన్నీ ట్యాలీలోనే ఉంటాయి. విండోస్ 10 సిస్టమ్, సాటా ఎస్ఎస్‌డి. పని మధ్యలో నీలం స్క్రీన్ వచ్చేస్తోంది. విశాఖలో ఉన్న మా మేనల్లుడు ‘మెమరీ డాట్ డీఎంపీ ఫైల్ పంపు మావయ్యా, ఏ డ్రైవర్ (పరికరాన్ని నడిపే ప్రోగ్రామ్) వల్లో చూస్తాను’ అంటున్నాడు, క్రాష్ అయినప్పుడు మెమరీలో ఉన్నది దాచే ఆ డంప్ ఫైలే పుట్టడం లేదు. స్క్రీన్ మీద 0% అలాగే ఉండిపోతుంది. రీస్టార్ట్ అయితే ‘నో బూటబుల్ డివైస్’ అంటుంది, స్విచ్ ఆపి వేస్తే మళ్లీ మామూలే. సెట్టింగ్ ఆటోమేటిక్ మెమరీ డంప్‌లోనే ఉంది, సీ డ్రైవ్‌లో పేజ్ ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు విండోస్ వాడుకునే ఫైల్) సైజు పెంచాను, అయినా అంతే. పిక్కల సీజన్లో ఇదేం టెన్షన్ సార్?

జవాబు: ముందు ట్యాలీ డేటా వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోండి, ఈ జవాబు తర్వాత తీరిగ్గా చదవచ్చు.

డంప్ రాకపోతే అందరూ పేజ్ ఫైల్‌నే అనుమానిస్తారు, మామూలుగా అయితే అది సరైన అనుమానమే. క్రాష్ అయిన క్షణంలో విండోస్ తన కెర్నెల్ (మూల భాగం) మెమరీని పేజ్ ఫైల్‌లోకి కుక్కేస్తుంది, మళ్లీ బూట్ అయినప్పుడు అక్కడి నుంచి తీసి విండోస్ ఫోల్డర్‌లో మెమరీ డాట్ డీఎంపీగా పెడుతుంది. అందుకే స్పీడ్ పెరుగుతుందని ఎవరో చెబితే పేజ్ ఫైల్ తీసేసినవాళ్లకి, డీ డ్రైవ్‌కి మార్చినవాళ్లకి డంప్ దొరకదు. మీది అక్కడ బాగానే ఉంది, ఇక దాని జోలికి వెళ్లకండి.

మీరు మామూలుగా రాసేసిన ‘నో బూటబుల్ డివైస్’ దగ్గరే అసలు సంగతి ఉంది. రీస్టార్ట్‌లో ఎస్ఎస్‌డికి కరెంటు తెగదు కదా, మొరాయించింది మొరాయించినట్టే ఉండి విండోస్ కంటే ముందు లేచే బయోస్‌కి కూడా కనిపించదు, పూర్తిగా ఆపి వేస్తేనే దాని కంట్రోలర్ మళ్లీ మొదటి నుంచి లేస్తుంది. అంటే నీలం స్క్రీన్ వచ్చేసరికే డిస్క్ చేయిచ్చేసింది. డంప్ రాయడం కోసమే విండోస్ డిస్క్ డ్రైవర్ కాపీ ఒకటి ముందే విడిగా సిద్ధం చేసుకుంటుంది, కానీ డిస్కే పలకకపోతే ఆ కాపీ మాత్రం ఎక్కడ రాస్తుంది?

ఈసారి స్క్రీన్ రాగానే ఫోన్‌తో ఫొటో తీయండి. స్టాప్ కోడ్ ‘కెర్నెల్ డేటా ఇన్‌పేజ్ ఎర్రర్’ అని ఉంటే నా అనుమానానికి బలం వచ్చినట్టే. విండోస్‌లోనే ఉండే ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ కూడా తెరవండి. వోల్‌ఎంజీఆర్ (volmgr) పేరుతో 161 నంబర్ ఉంటే డంప్ రాయబోయి విఫలమైందని అర్థం. దాని పక్కన కెర్నెల్ పవర్ 41 కనిపించి, అందులో బగ్‌చెక్ కోడ్ (స్టాప్ కోడ్‌కి మరో పేరు) 0 అని ఉంటే మాత్రం తొందరపడకండి: కరెంటు పోయినా 0 వస్తుంది, కోడ్ రాసుకోవడానికి డిస్క్ దొరక్కపోయినా 0 వస్తుంది. మన వైపు కరెంటు సంగతి తెలిసిందే కాబట్టి చాలామంది అది చూసి యూపీఎస్ బ్యాటరీ మార్చేసి కూర్చుంటారు.

మొదట సాటా కేబుల్, పోర్టు మార్చి చూడండి, ఖర్చు తక్కువ. డిస్క్ ఆరోగ్యం చూపే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో ప్రోగ్రామ్‌లో సీ7 వరసలో ఉండే సీఆర్‌సీ ఎర్రర్ల (దారిలో డేటా పాడైన సార్లు) లెక్క రోజురోజుకీ పెరుగుతుంటే తప్పు కేబుల్‌దే కావచ్చు. అది కదలకుండా ఉండి, కేబుల్ మార్చాక కూడా డిస్క్ మాయమవుతుంటే ఎస్ఎస్‌డి మార్చేయండి. డంప్ పనిచేస్తోందో లేదో చూద్దామని నాట్‌మైఫాల్ట్ లాంటి టూల్‌తో కావాలని క్రాష్ చేయించమని మీ మేనల్లుడు అన్నా వినకండి, అది ఆరోగ్యంగా ఉన్న డిస్క్ మీద చేసే పరీక్ష.

ప్రశ్న: డంప్ ఫైల్ వచ్చింది సార్, కాసేపటికి చూస్తే లేదు. వైరసా? — విజయనగరం నుంచి ఒక పాఠకుడు

జవాబు: వైరస్ కాదు, విండోసే తీసేసింది. సీ డ్రైవ్‌లో ఖాళీ 25 జీబీ కంటే తక్కువుంటే ఇళ్లలో వాడే సిస్టమ్‌లలో అలా చెరిపేస్తుంది. అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్‌లో స్టార్టప్ అండ్ రికవరీ తెరిస్తే, చోటు తక్కువైనా డంప్‌లు చెరపొద్దు అనే టిక్ బాక్స్ ఉంటుంది, అది పెట్టండి. ఫైల్ దొరికాక ఎవరికి పడితే వాళ్లకి మాత్రం పంపకండి, క్రాష్ సమయంలో మెమరీలో ఉన్న మీ సొంత సమాచారం కూడా అందులో ఉండొచ్చు.