సింధూ, బోర్డు తగిలించే ముందు ఈ ఉత్తరం చదువు

సింధూ,

బెంగళూరు ఉద్యోగం మానేసి, విశాఖ రైల్వే స్టేషన్లో సైన్‌ బోర్డులూ ప్రయాణికుల సమాచారం పనీ చూసే టీములో చేరుతున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. నీ జీతం తగ్గుతుందని తనకి దిగులు. నాకు మాత్రం ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను, ఆ వెంటనే భయం కూడా పట్టుకుంది. ఎంక్వయిరీ కౌంటర్లో కూర్చుని రిటైరైనదాన్ని, ఒక తప్పు సమాచారం మనిషిని ఎంత అవస్థ పెడుతుందో కళ్లారా చూశాను. పెద్దమ్మ మళ్లీ మొదలెట్టింది అనుకోకుండా చివరిదాకా చదువు.

అక్షరాలు పెద్దవిగా ఉండాలి, తెలుగు, హిందీ, ఇంగ్లీషు మూడూ ఉండాలి, బాణం ఎటు చూపిస్తోందో అనుమానం రాకూడదు. ఇవన్నీ నీకు కాలేజీలోనే చెప్పి ఉంటారు.

నేను చెప్పాలనుకున్నది వేరే. బోర్డు లేకపోతే జనం ఎవరినో ఒకరిని అడుగుతారు. ఉంటే మాత్రం దాన్ని నమ్ముతారు, అది పాతబడిపోయినా సరే.

మా స్టేషన్లో ప్లాట్‌ఫారం పైకప్పు కింద ఎస్-1, ఎస్-2 అని కోచ్ నంబర్ల రేకులు వేలాడదీశారు, అవన్నీ పాత నీలం బోగీల లెక్కతో కట్టినవి. తర్వాత ఒక బండికి ఎల్‌హెచ్‌బీ అనే కొత్త రకం బోగీలు వచ్చాయి. ఐసీఎఫ్ అనే ఆ పాత నీలం బోగీ పొడవు 21 మీటర్ల పైచిలుకు, కొత్తది 23 మీటర్లు దాటుతుంది. రెండు మీటర్లేగా అనిపిస్తుంది, కానీ ఇంజన్ దగ్గర్నుంచి పది పన్నెండు బోగీలు వచ్చేసరికి ఏకంగా ఒక బోగీ తేడా వచ్చేస్తుంది. రేకులు మాత్రం ఎవరూ మార్చలేదు. రోజూ తిరిగేవాళ్లు రేకు చూడటం మానేసి ఇంకాస్త వెనక్కి వెళ్లి నిలబడేవాళ్లు, మరి కొత్తవాళ్లకి ఎవరు చెబుతారు?

ఒక రాత్రి ఒక పెద్దాయనా, ఆయన భార్యా బండి టైముకి చాలా ముందే వచ్చి సరిగ్గా ఆ రేకు కిందే నిలబడ్డారు. ఆయనకి మోకాళ్ల నొప్పులు, అందుకే అంత జాగ్రత్త. బండి మా దగ్గర ఆగేది రెండు నిమిషాలు. వచ్చి ఆగేసరికి ఎదురుగా వేరే బోగీ, దాని తలుపు లోపల గడియ వేసి ఉంది. ఆవిడ సంచులు పట్టుకుని పరుగెత్తి ఎలాగో ఎక్కేసింది, ఆయన వెనకపడ్డారు, బండి కదిలిపోయింది. టికెట్ ఈయన జేబులో, మందుల సంచీ ఫోనూ ఆవిడ దగ్గర. నా కౌంటర్ కడ్డీ పట్టుకున్న ఆయన చేతికి ఎంతసేపటికీ వణుకు ఆగలేదు. "రేకు కిందే నిలబడ్డామమ్మా" అని అదే మాట మళ్లీ మళ్లీ అన్నారు. ఆ బండి ఆగే తర్వాతి స్టేషన్‌కి ఫోన్ చేసి, మైకులో పిలిపించి, ఆవిడని అక్కడ దింపించి, ఈయన్ని తర్వాతి బండి ఎక్కించేదాకా నాకు ఊపిరాడలేదు. ఆయన చేసిన తప్పేముంది చెప్పు? మనం చెప్పినచోటే నిలబడ్డారు.

ఆ రేకులు తీయించడం ఇంకో కథ. సమాచారం కమర్షియల్ వాళ్లది, రేకు ఇంజనీరింగ్ వాళ్లది, దీపం ఉంటే ఎలక్ట్రికల్ వాళ్లది, డిజిటల్ బోర్డూ మైకూ అయితే సిగ్నల్ అండ్ టెలికాం వాళ్లది. కాగితం అలా బల్లలన్నీ తిరుగుతూనే ఉంది. అందుకని, నీ డ్రాయింగులో ప్రతి బోర్డు పక్కనా "ఏదైనా మారితే దీన్ని ఎవరు మార్చాలి, ఎన్నాళ్లలో" అని ఒక గడి పెట్టు. అందులో సంతకం పడేదాకా ఆ బోర్డు తగిలించకు. పనులు జరుగుతున్నప్పుడు తీగతో కట్టే ఫ్లెక్సీలకి ఇది మరీ ముఖ్యం, దారి మారిపోయినా అవి నెలల తరబడి అక్కడే ఉండి జనాన్ని మూసేసిన గేటు దగ్గరికి పంపుతుంటాయి.

విశాఖలో ఇంకో చిక్కుంది. విజయవాడ నుంచి వచ్చి హౌరా వైపు వెళ్లే బళ్లు అక్కడికొచ్చాక దిశ మార్చుకుంటాయి, వచ్చేటప్పుడు ఇంజన్ ఒక చివర, వెళ్లేటప్పుడు ఇంకో చివర. "ఇంజన్ నుంచి ఆరో బోగీ" అంటే ఏ ఇంజన్ నుంచి? పిల్లాణ్ణి చంకనేసుకున్న మనిషికి ఇది ఆలోచించే టైముంటుందా? ప్లాట్‌ఫారం మీద మారని గుర్తులే చెప్పు, స్తంభం నంబరో, మెట్లో, లిఫ్టో. స్టేషన్ రెండోవైపు, జ్ఞానాపురం నుంచి వచ్చేవాళ్లని కూడా మర్చిపోవద్దు, వాళ్లకి ఎదురయ్యేది ఎనిమిదో నంబరు ప్లాట్‌ఫారమే, ఒకటి కాదు. ఆటో దిగే చోటే ఆ సంగతి తెలిసేలా చెయ్యి.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని విషయం, ఆఖరి నిమిషం అనౌన్స్‌మెంట్. 2025 ఫిబ్రవరి 15 రాత్రి న్యూఢిల్లీ స్టేషన్లో తొక్కిసలాట జరిగి 18 మంది పోయారు. ప్రయాగ్‌రాజ్ ఎక్స్‌ప్రెస్, ప్రయాగ్‌రాజ్ స్పెషల్ అని ఇంచుమించు ఒకే పేరున్న రెండు బళ్లు ఉండటంతో అనౌన్స్‌మెంట్ విని జనం కంగారుపడ్డారని పోలీసులు అప్పుడు చెప్పారు. మన దగ్గర సంక్రాంతి స్పెషళ్ల రోజుల్లో ఎంత రద్దీయో నీకు తెలియనిది కాదు. విశాఖ ఎక్స్‌ప్రెస్ ఉంది చూడు, అది విశాఖతో ఆగదు, భువనేశ్వర్ దాకా పోతుంది. పేరొక్కటే చెబితే చాలదే తల్లీ. నంబరు చెప్పాలి, ఎక్కడికి వెళ్తుందో చెప్పాలి, ఇంకో బండివాళ్లకి "మీ ప్లాట్‌ఫారం మారలేదు, అక్కడే ఉండండి" అని కూడా చెప్పాలి. ప్లాట్‌ఫారం మార్చక తప్పకపోతే ముందు మెట్ల దగ్గర మనుషుల్ని నిలబెట్టాలి, మైకు ఆ తర్వాతే. అది నీ చేతిలో లేదని పైవాళ్లంటారు. అయినా నీ రిపోర్టులో రాయి, మొదటి పేజీలోనే రాయి.

చదువు రానివాళ్లనీ, చూపు లేనివాళ్లనీ తీసుకొచ్చి నీ బోర్డులతో ఒక్కసారి దారి వెతికించు. కూలీలనీ, టీ అమ్మేవాళ్లనీ జనం రోజూ ఏం అడుగుతున్నారో కనుక్కో, వాళ్ల దగ్గరున్నంత సమాచారం ఏ సర్వేలోనూ దొరకదు.

కొలతలు తీసుకునేటప్పుడు పసుపు గీత దాటావంటే ఊరుకోను, చెబుతున్నా. టేపు పట్టుకుని పట్టాల వైపు వీపు పెట్టి నిలబడటం నీకు అలవాటు, చిన్నప్పుడు మేడ మీద కూడా పిట్టగోడ దగ్గర అలాగే నిలబడి నా ప్రాణాలు తోడేసేదానివి. పక్కన ఒక మనిషిని పెట్టుకుని కొలువు, వేళకి తిను. మొదటి డ్రాయింగ్ కాగితం మీద పెద్దగా ప్రింట్ తీసి పంపు, ఫోన్లో నాకు కనబడదు.

పెద్దమ్మ