‘వల్ల’ అని రాసేముందు

చిట్టితల్లికి,

మొన్న ఫోన్లో అన్నావు కదా, "తాతయ్యా, సోషల్‌లో ఇండియా పాఠాలు బాగానే వస్తాయి, యూరప్ దగ్గరికి వచ్చేసరికి అన్నీ కలగాపులగం అయిపోతున్నాయి" అని. ముప్ఫయ్యేళ్లు ఆ సబ్జెక్టు చెప్పినవాణ్ని, నాకే అయ్యేవి. ఒకసారి పిల్లలందరి ముందు దొరికిపోయాను కూడా.

తొమ్మిదో తరగతికి నాజీల పాఠం చెబుతున్నాను. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ ఓడింది, నోట్లు అచ్చేసుకుంటూ పోయింది, 1923 నవంబరుకి ఒక్క డాలరు 4.2 లక్షల కోట్ల మార్కులైంది (మార్కంటే వాళ్ల రూపాయి లాంటిది), జనం విసిగిపోయారు, అందువల్ల హిట్లర్ వచ్చాడు అని గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. వెనక బెంచీలోంచి ఒకడు లేచి, "సార్, హిట్లర్ వచ్చింది 1933లో కదా, మధ్యలో పదేళ్లు జనం ఏం చేశారు?" అన్నాడు. "కూర్చోరా, పరీక్షలో అది అడగరు" అన్నాను. వాడు కూర్చున్నాడు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

లేచి పాత క్యాలెండరు కాగితం ఒకటి వెనక్కి తిప్పి, పొడుగ్గా గీత గీసి, ఒక్కో ఏడూ రాసుకుంటూ వెళ్లాను. 1923 చివర్లోనే కొత్త మార్కు తెచ్చి ధరలకి కళ్లెం వేశారు. 1924 నుంచి అమెరికా అప్పులొచ్చాయి, ఫ్యాక్టరీలు నడిచాయి. 1928 ఎన్నికల్లో హిట్లర్ పార్టీకి పడిన ఓట్లెన్నో తెలుసా? 2.6 శాతం. 1929 అక్టోబరులో న్యూయార్క్ షేర్ మార్కెట్ కుప్పకూలింది, అమెరికా తన డబ్బు వెనక్కి లాక్కుంది. 1932కి జర్మనీలో దాదాపు 60 లక్షల మందికి పని లేదు. ఆ జూలైలో అదే పార్టీకి 37 శాతం. నోట్ల దెబ్బ చిన్నదని కాదు, మధ్యతరగతివాళ్లు దాచుకున్నదంతా అందులో కొట్టుకుపోయింది, ఆ కసి ఎక్కడికీ పోలేదు. కానీ ఓట్లు అంతలా ఎగబాకింది ఉద్యోగాలు పోయాకే. ఇంకో సంగతి, 37 శాతమంటే మెజారిటీ కాదు. 1933 జనవరి 30న హిట్లర్‌ని ఛాన్సలర్, అంటే మన ప్రధానమంత్రి లాంటి కుర్చీలో కూర్చోబెట్టింది అధ్యక్షుడు హిండెన్‌బర్గ్.

మర్నాడు ఆ పిల్లాణ్ని లేపి, నిన్న తప్పు నాదేరా అని చెప్పాను. క్లాసంతా నవ్వింది.

నువ్వు కూడా అలాంటి కాగితం ఒకటి గోడకి అతికించుకో. తేదీలు బిట్ల కోసం బట్టీ పట్టే సరుకు అనుకోకు. జవాబులో ‘వల్ల’ అని రాసిన ప్రతిచోటా ఆగి, ఆ రెండు సంఘటనల మధ్య ఎంత కాలం గడిచిందో చూడు. ఏళ్లు గడిస్తే మధ్యలో ఏదో దాటేసి వచ్చావన్నమాట.

కొన్నిచోట్ల దీనికి తిరకాసు, మధ్యలో ఏళ్లు కాదు, రోజులే ఉంటాయి. 1914 జూన్ 28న సరయేవోలో ఆస్ట్రియా యువరాజుని కాల్చి చంపారు. ఆగస్టు 4న బ్రిటన్ యుద్ధంలోకి దిగింది. మొత్తం 37 రోజులు. ఆ హత్య వెనక సెర్బియా ఉందని ఆస్ట్రియా దానికి అల్టిమేటం, అంటే ఆఖరి హెచ్చరిక, పంపింది జూలై 23న, అంటే హత్య జరిగిన మూడు వారాలు దాటాక. ఆ తర్వాత రెండు వారాలు కూడా గడవకముందే పెద్ద దేశాలు దాదాపు అన్నీ ఒకదాని వెనక ఒకటి దిగిపోయాయి. గైడులో ఇదంతా ‘తక్షణ కారణం’ అని ఒక్క లైనులో ఉంటుంది. అది రాస్తే మార్కులు పడతాయి, కాదనను. కానీ మధ్యలో అంత వ్యవధి దొరికినా ఎవరూ ఎందుకు ఆగలేదన్నది అసలు ప్రశ్న. పొత్తులు, సైన్యాల పోటీ లాంటి మాటలన్నీ దానికి జవాబులే.

అట్లాసు దగ్గర పెట్టుకో. ఇప్పటి మ్యాపులో ఆస్ట్రియా-హంగరీ అనే దేశమే ఉండదు, కాబట్టి 1914 నాటిది కూడా పక్కన ఉండాలి. రష్యాలో ‘అక్టోబరు విప్లవం’ నవంబరులో జరిగిందంటే కంగారు పడకు, అప్పటి వాళ్ల క్యాలెండరు 13 రోజులు వెనక ఉండేది. మనకి రెండు పంచాంగాల్లో పండగ రెండు రోజులొచ్చినట్టే.

ఇదంతా ఎక్కడో జరిగిందనిపిస్తే, రెండో ప్రపంచ యుద్ధంలో 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయని గుర్తుపెట్టుకో. మా అమ్మకి అప్పుడు పదేళ్లు. పట్నం నుంచి బళ్ల మీద సామాన్లేసుకుని జనం మా ఊరొచ్చేశారని చెప్పేది. నీ గీత మీద 1942 దగ్గర అది కూడా రాయి.

సెలవులకి వచ్చేటప్పుడు ఆ కాగితం చుట్టి తీసుకురా. 1928కీ 1932కీ మధ్య ఏం రాశావో ముందు అది చూస్తాను. అట్లాసు నా దగ్గర ఉంది, అట్ట ఊడింది గానీ పేజీలన్నీ ఉన్నాయి.

మీ తాతయ్య