చట్టం – పౌరుడు: శిక్ష ముగిసినవారి ఓటు

ప్రశ్న: మాది రాజోలు దగ్గర ఒక లంక గ్రామం. కొట్లాట కేసులో మా ఆయనకు శిక్ష పడి, రాజమహేంద్రవరం కేంద్ర కారాగారంలో నాలుగేళ్లు ఉండి ఇంటికి వచ్చారు. ఆయన లోపల ఉండగానే 2022 జూలై వరదకు ఇల్లు మునిగితే నేనూ పిల్లలూ కొన్ని నెలలు మా పుట్టింట్లో తలదాచుకున్నాం. ఇప్పుడు ఓటర్ల జాబితాలో నా పేరు ఉంది గాని ఆయన పేరు లేదు. జైలుకు వెళ్లినవాడికి ఇక ఓటు ఉండదని ఊళ్లో అంటున్నారు. మళ్లీ దరఖాస్తు పెడితే పాత కేసు అందరిలో బయటికి తీస్తారేమోనని ఆయన వెనకాడుతున్నారు.
— ఒక సోదరి, కోనసీమ

జవాబు: ఊళ్లో అంటున్న మాట నిజం కాదమ్మా. శిక్ష అనుభవించి వచ్చిన మనిషికి జీవితాంతం ఓటు లేకుండా చేసే చట్టం మన దేశంలో లేదు. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 62వ సెక్షన్, అయిదో ఉపసెక్షన్ ప్రకారం పోలింగు రోజున జైల్లో గాని, పోలీసుల చట్టబద్ధమైన కస్టడీలో గాని ఉన్నవారు ఓటు వేయకూడదు. విడుదలై బయటికి వచ్చినవారికి ఆ నిషేధం వర్తించదు. లోపల ఉన్నన్నాళ్లు కూడా ఓటు వేయలేకపోవడమే తప్ప, ఆ కారణంగా మనిషి ఓటరు కాకుండా పోడని 2013లో పార్లమెంటు చేసిన సవరణ తేటతెల్లం చేసింది. ఓటర్లకు డబ్బు పంచడం, ఇంకొకరి పేరుతో దొంగ ఓటు వేయడం వంటి ఎన్నికల నేరాల్లో శిక్ష పడితే మాత్రం, ఆ తీర్పు నాటి నుంచి ఆరేళ్లు ఓటు హక్కు పోతుంది. మీ ఆయనది కొట్లాట కేసు కనుక ఆ సంగతితో మీకు పని లేదు.

మరి పేరు ఎందుకు పోయిందంటే, మీ ఉత్తరాన్ని బట్టి నాకు తోచే కారణం వరదే. ఇంటింటి పరిశీలనకు వచ్చిన బీఎల్వోకు (పోలింగు బూత్ స్థాయిలో ఓటర్ల జాబితా చూసే అధికారికి) తలుపు తాళం వేసి కనిపించి, ఇరుగుపొరుగు వారు ఆయన ఊళ్లో లేరని చెప్పి ఉంటే, ఇల్లు మారినవారి కింద రాసి ఉండవచ్చు. అలా రాయడం సరి కాదు. తాత్కాలికంగా ఊరు విడిచినంత మాత్రాన మనిషి నివాసం మారిపోదని, జైలును ఖైదీకి సాధారణ నివాసంగా లెక్కించకూడదని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 20వ సెక్షన్ చెబుతోంది. శిక్షాకాలమంతా ఆయన మీ లంక గ్రామస్థుడే. ఇల్లు మారారన్న కారణంతో పేరు తీసేసే ముందు ఆయన వాదన చెప్పుకునే అవకాశం ఇవ్వడం కూడా అధికారుల బాధ్యత. లంకల్లో ఏటా వరదకు ఇళ్లు వదిలి గట్టెక్కే కుటుంబాలు ఎన్నో ఉంటాయి కాబట్టి, తాళం చూసి పేరు కొట్టేసే పద్ధతి అక్కడి పేదలకు చేసే అన్యాయం చాలా పెద్దదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఇప్పుడు చేయవలసింది ఫారం 6 నింపి ఇవ్వడం. తొలగించిన పేరును మళ్లీ చేర్చడానికి కూడా అదే ఫారం. దానికి వయసు, నివాసం తెలిపే రుజువులు జతచేయాలి. పాత ఓటరు కార్డు ఉంటే దాని జిరాక్సు కూడా పెట్టండి. ఆ ఫారంలో పౌరసత్వం, వయసు, నివాసం గురించి ధ్రువీకరణ అడుగుతారు గాని, కేసుల గురించి, శిక్షల గురించి అడిగే గడి లేదు. అందువల్ల ఆయన దేన్నీ దాచినట్టు కాదు, ఎవరికీ సంజాయిషీ చెప్పుకోవలసిన పనీ లేదు. బీఎల్వోకు ఇచ్చినా, తహసీల్దారు కార్యాలయంలో ఇచ్చినా రసీదు తప్పక తీసుకోండి. తిరస్కరిస్తే పదిహేను రోజుల్లోగా కలెక్టరుకు అప్పీలు చేసుకోవచ్చు. అక్కడా న్యాయం జరగకపోతే రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి ఉన్నారు. సందేహాలుంటే 1950 నంబరుకు ఫోను చేయండి. ఎన్నికల ప్రకటన వచ్చేదాకా ఆగవద్దు, ఎందుకంటే నామినేషన్ల గడువు ముగిశాక కొత్త పేర్లు చేర్చరు.

ఇంకొక్క మాట మీ ఆయనకు చెప్పండి. పంచాయతీ ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభలో సభ్యులే. ఏటిగట్టు కోత గురించి గాని, ఇళ్ల స్థలాల గురించి గాని అక్కడ లేచి అడిగే హక్కు ఆయనకు సర్పంచితో సమానంగా ఉంది. జాబితాలో పేరు లేకపోతే అయిదేళ్లకోసారి వేసే ఓటుతో పాటు ఆ హక్కు కూడా పోతుంది.

ప్రశ్న: పాత గొడవ కేసును కోర్టు కొట్టేసినా నా పేరు మీద రౌడీ షీటు అలాగే ఉంది. ప్రతి ఎన్నికకూ ముందు తహసీల్దారు ఎదుట బైండోవర్ చేస్తున్నారు. నాకు ఓటు ఉన్నట్టా, లేనట్టా?
— ఒక పాఠకుడు, భీమవరం ప్రాంతం

జవాబు: నిస్సందేహంగా ఉంది. బైండోవర్ అంటే శాంతికి భంగం కలిగించనని రాసి ఇచ్చే హామీయే గాని శిక్ష కాదు, నిర్బంధమూ కాదు. రౌడీ షీటు పోలీసులు తమ పరిశీలన కోసం పెట్టుకునే రికార్డు. పోలింగు రోజున అరెస్టు చేయకుండా ఊరికే స్టేషనులో కూర్చోబెట్టడాన్ని చట్టబద్ధమైన కస్టడీ అనరు. అలాంటి అనుమానం ఉంటే, ఓటు వేయడానికి వెళ్తున్నానని ముందుగానే రిటర్నింగ్ అధికారికి రాతపూర్వకంగా తెలియజేసి, పోలింగు మొదలవగానే వెళ్లి ఓటు వేసి రండి.

ప్రశ్న: సంక్రాంతి కోడిపందేల కేసులో నా పేరు ఉంది. వార్డు సభ్యుడిగా పోటీ చేయవచ్చా? జరిమానా కట్టేస్తే కేసు పోతుందని స్నేహితులు చెబుతున్నారు.
— ఒక యువకుడు, ఉండి

జవాబు: కేసు నడుస్తున్నంత మాత్రాన పోటీకి అనర్హత రాదు. తొందరపడి జరిమానా కట్టవద్దని మాత్రం చెబుతాను. నేరం ఒప్పుకుని జరిమానా కడితే కేసు ముగుస్తుంది గాని, మీరు దోషి అని తీర్పు వచ్చినట్టే. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం, నైతిక పతనంతో కూడిన నేరంలో శిక్ష పడినవారు తీర్పు తేదీ నుంచి, జైలు శిక్షయితే అది ముగిసిన నాటి నుంచి, అయిదేళ్లు పోటీకి అనర్హులు. మీ కేసు ఆ కోవలోకి వస్తుందా అన్నది అభియోగంలోని వివరాలను బట్టి తేలవలసిన విషయం కాబట్టి, సంతకం పెట్టే ముందు ఛార్జిషీటు న్యాయవాదికి చూపించండి. శాసనసభకు, పార్లమెంటుకు నిబంధన వేరు: రెండేళ్లు లేదా అంతకు మించి శిక్ష పడితే శిక్షాకాలమంతా, విడుదలయ్యాక మరో ఆరేళ్లు పోటీ చేయడానికి వీల్లేదు.

ప్రశ్న: మా తమ్ముడు రిమాండులో ఉన్నాడు. బెయిలు వచ్చింది గాని జామీనుదారులు దొరకలేదు. తపాలా ఓటు అడగవచ్చా?
— ఒక అక్క, అమలాపురం

జవాబు: ముందస్తు నిర్బంధ చట్టాల కింద, అంటే నేరం చేయవచ్చన్న అనుమానంతో ముందుగానే నిర్బంధించే చట్టాల కింద ఉన్నవారికే తపాలా ఓటు ఉంది, రిమాండు ఖైదీకి లేదు. ఇది నాకు బాధ కలిగించే నిబంధన. నేరం రుజువై, అప్పీలులో బెయిలు పొందినవారు బయట ఓటు వేస్తారు. నేరం రుజువు కాని మీ తమ్ముడు జామీను లేనందువల్ల ఓటుకు దూరమవుతున్నాడు. దేశంలోని ఖైదీల్లో దాదాపు ముప్పావు వంతు మంది ఇలా విచారణలో ఉన్నవారే. 2024 లోక్‌సభ ఎన్నికల్లో బారాముల్లా, ఖదూర్ సాహిబ్ స్థానాల నుంచి జైల్లో ఉన్న అభ్యర్థులు గెలిచారు. జైల్లో ఉండి పోటీ చేయవచ్చు, ఓటు మాత్రం వేయకూడదు. ఈ నిషేధాన్ని సుప్రీంకోర్టు 1997లో సమర్థించింది కాబట్టి మార్చవలసింది పార్లమెంటే. జామీను లేనివారి విషయంలోనైనా మార్చాలని నా అభిప్రాయం.

అంతవరకు మీకున్న దారి తమ్ముణ్ణి బయటికి తెచ్చుకోవడమే. కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందాలని 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం చెబుతోంది. 15100 నంబరుకు ఫోను చేసి గాని, దగ్గరలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లి గాని న్యాయవాదిని అడగండి. జామీను షరతు తగ్గించాలని, లేదా వ్యక్తిగత పూచీకత్తు మీద విడిచిపెట్టాలని ఆయన కోర్టులో పిటిషను వేస్తారు. బెయిలు ఉత్తర్వు నకలు, కేసు నంబరు వెంట తీసుకువెళ్లండి.