టెక్ సందేహాలు: తుఫాను వచ్చేలోపు ఫోన్‌ను ఇలా సిద్ధం చేయండి

మా అమ్మానాన్న పలాస దగ్గర ఉద్దానంలో ఉంటారు, నేను హైదరాబాద్‌లో. తిత్లీ తుఫాను అప్పుడు నాలుగు రోజులు వాళ్ల గొంతు వినలేదు. 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ కొనిస్తే సరిపోతుందా?

తప్పకుండా కొనివ్వండి. కానీ ఛార్జింగ్ ఒక్కటి ఉంటే ఫోన్ కలుస్తుందని అనుకోవద్దు. 2014 అక్టోబర్ 12న విశాఖలో హుద్‌హుద్, 2018 అక్టోబర్ 11న మీ ఊళ్ల మీద తిత్లీ కరెంటు స్తంభాలను నేలకూల్చాయి. కరెంటు పోయాక సెల్ టవర్ నడిచేది బ్యాటరీలు, డీజిల్ జనరేటర్ మీదే. చెట్లు పడి దారి మూసుకుపోయి డీజిల్ చేరకపోతే టవర్ మూగబోతుంది.

పవర్ బ్యాంక్ మీద 10,000 అని రాసేది లోపలి సెల్స్ లెక్క, అదీ 3.7 వోల్టుల దగ్గర. ఫోన్‌కు 5 వోల్టులుగా మార్చి ఇచ్చేటప్పుడు కొంత వేడిగా పోతుంది. వెనుక చిన్న అక్షరాల్లో ఉండే 'రేటెడ్ కెపాసిటీ' చూడండి, సాధారణంగా 6,000 దగ్గర ఉంటుంది. ఈ 6,000 అనేది 5 వోల్టుల దగ్గరి లెక్క కాబట్టి 5,000 ఎంఏహెచ్ ఫోన్ ఒకసారి నిండాక, రెండోసారి సగంలోపే వస్తుంది. ఇద్దరున్నారు కాబట్టి 20,000 తీసుకోండి.

దానికంటే ముందు ఒక బటన్ ఫోన్ కొనమంటాను. ఒక్క ఛార్జింగ్‌తో రోజుల తరబడి ఉంటుంది. అందులో వేరే కంపెనీ సిమ్ వేయండి, ఒకరి టవర్ పోయినా ఇంకొకరిది ఉండొచ్చు. 2జీ సేవ ఇవ్వని కంపెనీ సిమ్ మామూలు 2జీ ఫోన్‌లో పనిచేయదు, కొనేముందు అడగండి. పెద్ద తుఫాన్లప్పుడు టెలికం శాఖ ఏ కంపెనీ సిమ్ అయినా అందుబాటులో ఉన్న టవర్‌కు కలిసేలా ఇంట్రా సర్కిల్ రోమింగ్ అమలు చేయిస్తుంది. దానంతటది కలవకపోతే మొబైల్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ఆటోమేటిక్ ఆపి, కనిపించే నెట్‌వర్క్‌ను ఎంచుకోవాలి. ఈసారి పండక్కి వెళ్లినప్పుడు నాన్నగారితో ఒకసారి చేయించి చూడండి, గాలి మొదలయ్యాక ఫోన్‌లో చెప్పి చేయించడం కుదరదు.

ఇంకో మాట. సిగ్నల్ లేనిచోట ఫోన్ టవర్‌ను వెతికి వెతికి బ్యాటరీ తినేస్తుంది. అందుకని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, పొద్దున 7కు, సాయంత్రం 6కు మాత్రం తీసి 'బాగున్నాం' అని ఎస్ఎంఎస్ పంపమనండి. కాల్ కలవనప్పుడూ ఎస్ఎంఎస్ వెళ్లే అవకాశం ఎక్కువ. మీ నంబరు, పక్కింటివాళ్ల నంబరు, అత్యవసర సహాయానికి 112 ఒక కాగితం మీద పెద్ద అక్షరాల్లో రాసి గోడకు అంటించండి. ఫోన్ ఆగిపోతే అందులోని నంబర్లూ పోయినట్టే.

ఆ మధ్య ఫోన్ సైరన్‌లా మోగి, తెర మీద హెచ్చరిక వచ్చింది. భయమేసి అలర్ట్స్ ఆఫ్ చేశాను. అది మోసమా? – విజయవాడ

మోసం కాదు, దయచేసి వెంటనే ఆన్ చేయండి. దాన్ని సెల్ బ్రాడ్‌కాస్ట్ అంటారు. 2023లో టెలికం శాఖ దీన్ని పరీక్షించినప్పుడు చాలామంది ఫోన్లు ఇలాగే మోగాయి. మీ నంబరు ఎవరికీ తెలియనక్కర్లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు. ఆ టవర్ల పరిధిలో ఉన్న ఫోన్లన్నింటికీ ఒకేసారి వస్తుంది. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్, సేఫ్టీ అండ్ ఎమర్జెన్సీ, వైర్‌లెస్ ఎమర్జెన్సీ అలర్ట్స్‌లో ఉంటుంది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 'సచేత్' యాప్ కూడా పెట్టుకోండి. ఓటీపీ, డబ్బు అడిగే మెసేజ్ మాత్రం ఎవరి పేరుతో వచ్చినా నమ్మొద్దు.

పొలంలో ఉండగా పిడుగు సంగతి ముందే తెలుస్తుందా? – కర్నూలు జిల్లా

పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ (ఐఐటీఎం) వారి 'దామిని' యాప్ మీరున్న చోటికి 20, 40 కిలోమీటర్ల పరిధిలో పిడుగుల ముప్పు చూపిస్తుంది. లొకేషన్, డేటా ఆన్‌లో ఉండాలి. సిగ్నల్ లేని పొలమైతే ఉరుము వినపడగానే చెట్టు కిందికి కాదు, పక్కా ఇంట్లోకి వెళ్లండి.

బుడమేరు నీళ్లొచ్చినప్పుడు మెయిన్ ఆపేశాం. అయినా స్విచ్ బోర్డు షాక్ కొట్టింది. ఎందుకు? – సింగ్ నగర్

మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉందా? ఉంటే అనుమానించాల్సింది దాన్నే. మెయిన్ ఆపగానే కరెంటు పోయిందనుకుని అది తన లైన్లకు బ్యాటరీ నుంచి 230 వోల్టులు ఇవ్వడం మొదలుపెడుతుంది. 2024 సెప్టెంబర్‌లోలా నీళ్లు ఇంట్లోకి వస్తాయనిపిస్తే, ఇల్లు పొడిగా ఉండగానే మెయిన్‌తోపాటు ఇన్వర్టర్ స్విచ్ కూడా ఆపి, బ్యాటరీ వైరు తీసేయండి. అప్పటికే నీళ్లలో నిలబడి ఉంటే దాని జోలికి వెళ్లొద్దు, బయటికి వచ్చేయండి. నీళ్లు తీశాక ఎలక్ట్రీషియన్ చూసేదాకా ఏ స్విచ్చూ వేయకండి. వీధిలో తెగిన తీగ కనిపిస్తే కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు చెప్పండి.