గట్ టెన్షన్ (తీగల బిగింపు) ఎక్కువ పెట్టించాక బ్యాడ్మింటన్ రాకెట్ విరిగితే వారంటీ వస్తుందా?

మామూలుగా రాదు, రాకెట్ మీద రాసిన టెన్షన్ పరిమితి దాటి గట్టింగ్ (తీగలు బిగించడం) చేయించాక ఫ్రేము విరిగితే దాన్ని తయారీ లోపంగా లెక్కించరు, వారంటీ వర్తించేది ఆ లోపానికే.

గట్టింగ్ మెషీన్ ఒక్కో తీగ వరుసను మనం చెప్పినన్ని పౌండ్ల బలంతో లాగి బిగిస్తుంది. 24 పౌండ్లంటే దాదాపు 11 కిలోలు. 30 అంటే పదమూడున్నర కిలోల పైమాటే. నిలువు వరుసలే సాధారణంగా 22. అడ్డం వరుసలూ కలిసి ఫ్రేముగా ఉండే ఆ సన్నటి కార్బన్ గొట్టాన్ని లోపలికి గుంజుతూనే ఉంటాయి, రాకెట్ సంచిలో ఊరికే ఉన్నా సరే.

అనంతపురంలో ఒకరు 26 పౌండ్ల వరకే అని రాసిన రాకెట్‌కి 29 వేయించారనుకుందాం. డబుల్స్‌లో పక్కవాళ్ల రాకెట్ కాస్త తగిలినా తలభాగంలో, గట్ దూరే రంధ్రం దగ్గర సన్నగా పగులు రావచ్చు. అక్కడ రంగు లేచిపోయి ఉంటే దెబ్బ తగిలిందని చూడగానే తెలిసిపోతుంది. బిల్లు చూపించినా లాభం ఉండదు. (ఆ పరిమితి హ్యాండిల్ పైన, కోన్ (పిడి సన్నబడే చోటు) దగ్గర చిన్న అక్షరాల్లో ఉంటుంది. గట్టింగ్‌కి ఇచ్చేముందు దాన్ని చదివేవాళ్లు తక్కువే.)

టెన్షన్ పెంచితే స్మాష్ గట్టిగా పడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి తక్కువ టెన్షన్‌లోనే గట్ ఎక్కువ సాగి షటిల్‌ని విసురుతుంది. ఎక్కువ టెన్షన్ ఇచ్చేది కంట్రోల్. గట్ తెగినా వారంటీ ఉంటుందన్నదీ అపోహే, అది అరిగే సరుకు. తెగిన వెంటనే మిగతా గట్ కూడా మధ్యలోంచి మొదలుపెట్టి కోసెయ్యాలి, లేదంటే లాగుడు ఒకవైపే పడి ఫ్రేము వంకరపోతుంది.