సియెన్సియానో కప్పు గెలిచింది కుస్కో ఎత్తు వల్లేనా?

పెరూ ఫుట్‌బాల్ క్లబ్ సియెన్సియానో 2003లో దక్షిణ అమెరికా క్లబ్బుల కప్పు కోపా సుదామెరికానా గెలిచింది కేవలం వాళ్ల సొంతూరు కుస్కో ఎత్తు పుణ్యమేనా అని అడిగారు. కాదు. ఎత్తు సాయం చేసిన మాట నిజం, కానీ కప్పు తెచ్చింది మాత్రం అది కాదు.

ఆ ఎత్తు ఎలా ఉంటుందో నాకు అనుభవమే. మచుపిచ్చు చూడ్డానికి వెళ్లి కుస్కోలో ఆగినప్పుడు ఇన్కా గార్సిలాసో స్టేడియంలో వాళ్ల మ్యాచ్ చూశాను. ఊరు సుమారు 3,400 మీటర్ల ఎత్తులో ఉంది. గ్యాలరీ మెట్లు సగం ఎక్కేసరికే ఊపిరి అందక రెయిలింగ్ పట్టుకుని నిలబడిపోయాను. ఎర్ర జెర్సీ వేసుకున్న ఓ పెద్దాయన మనవణ్ణి చంకనేసుకుని నా పక్కనుంచే చకచకా ఎక్కిపోయాడు. బయటి జట్లు ఇక్కడ తొంభై నిమిషాలు ఎలా పరిగెడతాయా అనిపించింది. 2003లోనే చిలీ జట్టు యూనివర్సిదాద్ కాతోలికాను కుస్కోలో 4-0తో చిత్తు చేసిన సియెన్సియానో, శాంటియాగోలో 3-1తో ఓడింది. అంతవరకు మీ అనుమానం సబబే.

కానీ మిగతా మ్యాచ్‌లు చూడండి. అప్పటి బ్రెజిల్ మేటి జట్టు సాంటోస్‌తో వాళ్ల గడ్డమీదే 1-1 డ్రా చేసుకుని, ఇంట్లో 2-1తో గెలిచారు. సెమీస్‌లో కొలంబియా జట్టు అత్లెతికో నాసియోనల్‌ను మెదెయిన్ వెళ్లి మరీ 2-1తో ఓడించారు. ఫైనల్ రెండు మ్యాచ్‌ల్లో జరిగింది. తొలి అంచె బ్యూనస్ ఐరిస్‌లో, అర్జెంటీనా జట్టు రివర్ ప్లేట్ మీద: 3-3. అక్కడ మూడు గోల్స్ కొట్టడానికి ఏ కొండా అడ్డు రాలేదు, సాయమూ పట్టలేదు.

రెండో అంచెకైతే కుస్కో దక్కనే లేదు. ఫైనల్‌కు కావాల్సినంత పెద్ద స్టేడియం అప్పటికి ఊళ్లో లేకపోవడంతో మ్యాచ్ పెరూలోనే ఉన్న అరెకిపాకు మారింది. అదీ ఎత్తైన ఊరే, కానీ కుస్కో కంటే వెయ్యి మీటర్లు కింద. 2003 డిసెంబర్ 19. స్కోరు 0-0, 78వ నిమిషంలో ఫ్రీకిక్. పరాగ్వే ఆటగాడు కార్లోస్ లూగో కొట్టిన బంతి వలలో పడింది. రెడ్ కార్డుల వల్ల చివరికి సియెన్సియానోకు తొమ్మిది మందే మిగిలారు. ఆ ఆఖరి నిమిషాలు ఇప్పుడు వీడియోలో చూసినా, ఫలితం తెలిసి కూడా నాకు టెన్షనే.

అయినా నమ్మకం కుదరకపోతే 2004 రెకోపా చూడండి, అంటే సుదామెరికానా, లిబెర్తదోరెస్ (ఖండంలో అతిపెద్ద క్లబ్ కప్పు) విజేతల మధ్య జరిగే పోటీ. ఎదురు అర్జెంటీనాదే మరో జట్టు బోకా జూనియర్స్, వేదిక అమెరికాలోని ఫోర్ట్ లాడర్‌డేల్, సముద్రం ఒడ్డునే ఉన్న ఊరు. 1-1 తర్వాత పెనాల్టీల్లో సియెన్సియానోయే గెలిచింది. ఒక్క ఏడాది తేడాలో రివర్, బోకా రెండూ ఓడాయి.

నా దృష్టిలో అసలు కారణం కోచ్ ఫ్రెడ్డీ తెర్నెరో. పెద్ద పేర్లు లేని జట్టుకు ‘సీ సె ప్వేదె’, అంటే మన వల్ల అవుతుంది అన్న మాటను ఎక్కించాడు. 2003 టోర్నీలో ఎక్కువ గోల్స్ కొట్టిన హెర్మాన్ కార్తీకి అప్పుడు 35 ఏళ్లు. ఆ వయసు ఫార్వర్డ్ మీద అంత భరోసా పెట్టడానికి గుండె కావాలి.

ఈ క్లబ్‌ను 1901లో పెట్టింది కుస్కోలోని కోలెహియో నాసియోనల్ దె సియెన్సియాస్ అనే బడి విద్యార్థులు. రాజధాని లీమా క్లబ్బుల పెత్తనం నడిచే పెరూ ఫుట్‌బాల్‌లో జాతీయ లీగ్ ఒక్కసారీ గెలవని ఈ జట్టే, దేశానికి అంతర్జాతీయ కప్పులు తెచ్చిన ఏకైక క్లబ్. లీమా క్లబ్బులు యూనివర్సితారియో 1972లో, స్పోర్టింగ్ క్రిస్టల్ 1997లో లిబెర్తదోరెస్ ఫైనల్ దాకా వెళ్లి ఓడిపోయాయి.

2015 మాత్రం కలిసిరాలేదు. ఆ ఏడాదే తెర్నెరో పోయాడు, జట్టు రెండో డివిజన్‌కు పడిపోయింది. నాలుగు సీజన్లు అక్కడే ఉండి, 2019లో ఆ డివిజన్ గెలిచి పైకొచ్చింది. జాతీయ లీగ్ టైటిల్ మాత్రం ఇంకా బాకీ. అదొక్కటి వాళ్ల చేతుల్లో చూడాలని నాకు చాలా కోరిక.